ఇంటి రికార్డింగ్ కంప్యూటర్‌కు మల్టీఛానల్ ఆడియో ఇంటర్‌ఫేస్ ఎంచుకోవడం ఎలా

ఒక గాయని, పక్కన వయొలిన్, ఎదురుగా మృదంగం, ఘటం. ఇలాంటి చిన్న కచేరీని ఇంటి హాల్లోనే కంప్యూటర్‌లోకి రికార్డు చేయాలనుకునేవారికి రెండు మైకులు మాత్రమే తగిలించగల చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి అందించే పెట్టె, చాలదు. ఒక్కో వాద్యం విడిగా ఒక్కో ట్రాకులో పడితేనే తర్వాత మిక్సింగులో మృదంగాన్ని కొంచెం తగ్గించడానికి, గాత్రాన్ని ముందుకు తేవడానికి, వయొలిన్‌లోని కరకుదనాన్ని సవరించడానికి వీలుంటుంది. అందుకు ఎనిమిది లేదా అంతకన్నా ఎక్కువ ఇన్‌పుట్లున్న మల్టీఛానల్ ఇంటర్‌ఫేస్ కావాలి. ఇవి మార్కెట్‌లో చాలా రకాలు దొరుకుతాయి గాని, పెట్టె మీద పెద్దగా వేసిన అంకెను చూసి కొన్నవారికి చాలాసార్లు నిరాశే మిగులుతుంది. మన గదిలో ఒకేసారి ఎంతమంది కూర్చుని పాడతారు, వాయిస్తారు అన్న లెక్కతోనే ఈ ఎంపిక మొదలుకావాలి.

ముందుగా మైకుల లెక్క

పైన చెప్పిన కచేరీనే తీసుకుందాం. గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి కుడి ఎడమలకు విడివిడిగా రెండు, ఘటానికి ఒకటి కావాలి. ఎలక్ట్రానిక్ తంబురాను స్పీకరు నుంచి మైకుతో పట్టడం కన్నా దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి నేరుగా వైరు వేసి, మైకు కాని పరికరాల బలమైన సంకేతాన్ని తీసుకునే లైన్ ఇన్‌పుట్‌కు ఇవ్వడం మేలు కాబట్టి దానికొకటి. హాలు మొత్తం ధ్వనిని పట్టడానికి కొంచెం దూరంగా ఒక జత మైకులు పెడితే మరో రెండు. మొత్తం ఎనిమిది ఛానళ్లయ్యాయి. వీటిలో ఏడింటికి మైక్ ప్రీఆంప్, అంటే మైకు పంపే అతి చిన్న సంకేతాన్ని పెంచే సర్క్యూట్, తప్పనిసరి. మిగిలిన ఒక్కటే లైన్ ఇన్‌పుట్‌తో సరిపోతుంది. భజన బృందమైతే హార్మోనియం, తబలాకూ డగ్గాకూ చెరొకటి, తాళాలు, ముందు పాడేవారు, వెనక అందుకునేవారికి ఒక జత కలిపి ఏడు. బుర్రకథ దళానికి కథకుడి గొంతు, ఇద్దరు వంతల గొంతులు, వారి గుమ్మెటలు కలిపి ఐదు. పాశ్చాత్య డ్రమ్ సెట్‌తో బ్యాండు వాయించేవారికి మాత్రం ఎనిమిది ఛానళ్లు డ్రమ్ములకే సరిపోతాయి. బాస్, గిటార్లు, గొంతులు కూడా అదే సమయంలో రికార్డు కావాలంటే పన్నెండు నుంచి పదహారు కావాలి.

ఈ లెక్క వేసుకుంటున్నప్పుడే ఇంకో ప్రశ్న వేసుకోవాలి. అన్నీ నిజంగా ఒకేసారి రికార్డు చేయాలా? లలితగీతమో, సినిమా పాట కవరో చేసేవారు సాధారణంగా ముందు కీబోర్డు, తర్వాత రిథమ్, చివర గాత్రం ఇలా ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వెళతారు. వారికి రెండు మంచి ప్రీఆంపులున్న ఇంటర్‌ఫేస్ చాలు. ఆ మిగిలిన డబ్బును మంచి మైకు మీద పెట్టుకోవచ్చు. కర్ణాటక సంగీతం ఈ పద్ధతికి లొంగదు. నెరవులో గాయకుడు విడిచిన చోట వయొలిన్ అందుకోవడం, స్వరకల్పనలో మృదంగం పట్టుకునే ముక్తాయి, తనియావర్తనంలో ఘటం ఇచ్చే జవాబు, ఇవన్నీ ఒకరి ముఖం ఒకరు చూస్తూ అక్కడికక్కడ పుట్టేవి. వాటిని విడివిడిగా రికార్డు చేస్తే స్వరాలు దొరుకుతాయి గాని కచేరీ దొరకదు. మల్టీఛానల్ ఇంటర్‌ఫేస్ అవసరం అసలు అక్కడే ఉంది.

వచ్చిన లెక్కకు రెండు కలుపుకుని కొనడం మంచిది. వేణువు వాయించే బంధువు ఒకరు వస్తారు, మోర్సింగ్ చేరుతుంది, లేదా ఒక ప్రీఆంప్ పాడవుతుంది. ఎనిమిది అవసరమైనవారు సరిగ్గా ఎనిమిదే ఉన్నది కొనేటప్పుడు, దానికి తర్వాత మరికొన్ని చేర్చుకునే దారి ఉందో లేదో చూసుకోవాలి. ఆ దారి సంగతి తర్వాత వివరంగా వస్తుంది.

పెట్టె మీది అంకె అర్థం

ఫోకస్‌రైట్ సంస్థ స్కార్లెట్ వరుసలో 18ఐ20 అనే మోడల్ ఉంది. పేరులోని 18 ఇన్‌పుట్ల సంఖ్య, 20 అవుట్‌పుట్ల సంఖ్య. ఆ పద్దెనిమిదిలో మైకు తగిలించగలిగేవి ఎనిమిది మాత్రమే. మరో ఎనిమిది ఏడాట్ అనే ఆప్టికల్ డిజిటల్ సాకెట్ ద్వారా వచ్చేవి, మిగిలిన రెండు ఎస్‌పీడిఫ్ అనే డిజిటల్ సాకెట్‌వి. బెరింగర్ యూఎంసీ1820లోనూ ఇదే అమరిక. ఇక అదే స్కార్లెట్ వరుసలో మూడో తరం 18ఐ8 చూడండి. పేరులో అదే 18 ఉంది, కానీ మైక్ ప్రీఆంపులు నాలుగే. మరో నాలుగు లైన్ ఇన్‌పుట్లు, మిగిలినవి డిజిటల్. పేర్లు చూసి రెండింటిలోనూ సమానంగా మైకులు పెట్టవచ్చనుకుంటే కచేరీ రోజున మృదంగానికి సాకెట్ దొరకదు. తయారీదారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అంకెను విడగొట్టి చదువుకోవడం కొనేవారి పని. పరికరం వెనకవైపు, ముందువైపు ఫోటోలను పెద్దవి చేసి, మూడు రంధ్రాల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఎన్ని ఉన్నాయో వేలు పెట్టి లెక్కపెట్టడం కన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తున్నామన్న లెక్క, పెంచితే ఈ అంకె తగ్గుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక ఏడాట్ కేబుల్ 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది ఛానళ్లు మోస్తుంది, 96 దగ్గర నాలుగే మోస్తుంది, 192 దగ్గర రెండే. కాబట్టి 96లో పనిచేస్తామని నిశ్చయించుకున్నవారికి, ఒకే ఏడాట్ కేబుల్ ఉన్నప్పుడు, 18 అనేది 14 అవుతుంది. నా అభిప్రాయంలో ఇంటి రికార్డింగుకు 24 బిట్ (ఒక్కో కొలతను రాసే సూక్ష్మత), 48 కిలోహెర్ట్జ్ అన్ని విధాలా చాలు. మనిషి చెవికి వినిపించే గరిష్ఠ పౌనఃపున్యం దాదాపు 20 కిలోహెర్ట్జ్; 48 దగ్గర రికార్డు చేస్తే 24 కిలోహెర్ట్జ్ వరకూ పట్టుబడుతుంది. 96కు వెళితే ఫైళ్ల పరిమాణం రెట్టింపవుతుంది, కంప్యూటర్ మీద భారం పెరుగుతుంది, వినేవారికి వచ్చే లాభం మాత్రం చాలా స్వల్పం.

మిక్సర్ల విషయంలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం పొంచి ఉంది. వేదికల మీద వాడే అనలాగ్ మిక్సర్లకు ఈమధ్య యూఎస్‌బీ సాకెట్ కూడా పెడుతున్నారు. పన్నెండు ఛానళ్ల మిక్సర్, పైగా యూఎస్‌బీ ఉంది అని సంబరపడి కొంటే, వాటిలో చాలావరకు అన్ని ఛానళ్లనూ కలిపేసి ఎడమ, కుడి అని రెండే ట్రాకులు కంప్యూటర్‌కు పంపుతాయి. ఒకసారి కలిసిపోయాక మృదంగాన్ని గాత్రం నుంచి శుభ్రంగా విడదీయడం సాధ్యం కాదు. మిక్సర్ రూపమే ఇష్టమైతే ప్రతి ఛానల్‌నూ విడిగా పంపే రకాలు చూడాలి. టాస్కామ్ మోడల్ 12 అలాంటిది. అది యూఎస్‌బీ ద్వారా పన్నెండు ట్రాకులు పంపుతుంది, ఎస్‌డీ కార్డు మీద కూడా రికార్డు చేస్తుంది. బెరింగర్ ఎక్స్‌ఆర్18లో పదహారు మైక్ ప్రీఆంపులుండి, యూఎస్‌బీ మీద పద్దెనిమిది ట్రాకులు వెళతాయి, పద్దెనిమిది తిరిగి వస్తాయి. దాన్ని ట్యాబ్లెట్‌తోనో కంప్యూటర్‌తోనో నడపాలి, శాంపిల్ రేటు 48 దాటదు. ఇంట్లో రికార్డింగూ, గుడిలో భజనలకు సౌండూ రెండూ చూసుకునేవారికి ఇలాంటిది ఇంటర్‌ఫేస్ కన్నా బాగా పనికొస్తుంది.

ప్రీఆంపులో చూడవలసినవి

ప్రకటనల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే మాట ప్రీఆంప్ నాణ్యత. నిజానికి ఇప్పుడు వస్తున్న చవక ఇంటర్‌ఫేసుల్లో కూడా ప్రీఆంపులు ఇంటి అవసరానికి మించే ఉన్నాయి. వాటి స్వంత రొదను ఈఐఎన్ అనే కొలతతో చెబుతారు. 150 ఓమ్‌ల మూలానికి భౌతికశాస్త్రం అనుమతించే హద్దు దాదాపు మైనస్ 131 డెసిబెల్స్. మార్కెట్‌లోని మంచి పరికరాలు మైనస్ 127 నుంచి 129 మధ్య ఉంటాయి. ఈ రెండు మూడు డెసిబెల్స్ తేడా కోసం రెట్టింపు ధర పెట్టేముందు రికార్డింగ్ జరిగే గదిలో కాసేపు కళ్లు మూసుకుని వినండి. సీలింగ్ ఫ్యాను, పక్క గదిలో ఫ్రిజ్, వీధిలో ఆటోలు ఇవన్నీ ఆ తేడాను పూర్తిగా మింగేస్తాయి.

గెయిన్, అంటే ప్రీఆంప్ సంకేతాన్ని ఎంత పెంచగలదన్నది మాత్రం శ్రద్ధగా చూడవలసిన విషయం. విద్యుత్తు అందితేనే పనిచేసే సున్నితమైన కండెన్సర్ మైకుకు 30, 40 డెసిబెల్స్ గెయిన్ చాలినా, విద్యుత్తు అక్కర్లేని షూర్ ఎస్‌ఎం7బీ లాంటి డైనమిక్ మైకుకు దాదాపు 60 కావాలి. ఇంటర్‌ఫేస్ గరిష్ఠ గెయిన్ 50 దగ్గరే ఆగిపోతే, మంద్రస్థాయిలో నెమ్మదిగా సాగే ఆలాపనను ఆ మైకుతో పట్టినప్పుడు తర్వాత సాఫ్ట్‌వేర్‌లో శబ్దం పెంచుకోవలసి వస్తుంది, దానితోపాటే రొదా పెరుగుతుంది. మృదంగం దగ్గర సమస్య ఇందుకు తారుమారు. దగ్గరగా పెట్టిన మైకు మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు వచ్చే సంకేతం చాలా పెద్దది. గెయిన్‌ను పూర్తిగా తగ్గించినా శబ్దం పగిలినట్టు వస్తుంటే, వచ్చే సంకేతాన్ని ముందే తగ్గించే ప్యాడ్ అనే మీట ఆదుకుంటుంది. అన్ని ఛానళ్లకూ లేకపోయినా కనీసం రెండింటికి ప్యాడ్ ఉన్న పరికరం ఎంచుకోవడం తాళవాద్యాలు రికార్డు చేసేవారికి మంచిది. 24 బిట్ రికార్డింగులో ఎర్ర దీపం వెలిగేదాకా పెంచవలసిన అవసరమే లేదు. అతి గట్టి దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే చాలు, ఎందుకంటే కళాకారులు రిహార్సల్లో కన్నా రికార్డింగులో గట్టిగా వాయిస్తారు.

కండెన్సర్ మైకులకు ఫాంటమ్ పవర్, అంటే ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ గుండానే పంపే 48 వోల్టుల విద్యుత్తు, కావాలి. దీన్ని ఒక్కో ఛానల్‌కు విడిగా వేసుకోగల ఇంటర్‌ఫేసులున్నాయి, నాలుగేసి ఛానళ్లకు ఒకే మీట ఉన్నవీ ఉన్నాయి. మామూలు డైనమిక్ మైకుకు సరైన కేబుల్‌తో ఫాంటమ్ పవర్ వెళ్లినా హాని లేదు. పాత రిబ్బన్ మైకులు వాడేవారు మాత్రం విడి మీటలున్నదే తీసుకోవాలి, కేబుల్‌లో లోపముంటే ఆ వోల్టేజీ రిబ్బన్‌ను పాడుచేయగలదు.

వీణకూ మాండలిన్‌కూ కంపనాన్ని పట్టే పీజో పికప్ అతికించి వాడేవారు హై-జడ్ ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకోవాలి. దీని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే నిరోధం) సుమారు ఒక మెగాఓమ్ ఉంటుంది. అదే పికప్‌ను మామూలు లైన్ ఇన్‌పుట్‌కు ఇస్తే కింది స్వరాలు పలచబడి, వీణ నాదం డొల్లగా వినిపిస్తుంది. చాలా ఎనిమిది ఛానళ్ల పరికరాల్లో మొదటి రెండు ఇన్‌పుట్లకే ఈ సౌకర్యం ఉంటుంది.

కంప్యూటర్‌తో కలిసేది ఎలా

యూఎస్‌బీ 2.0 పాతదైపోయింది, ఇన్ని ఛానళ్లు ఎలా మోస్తుంది అన్న సందేహం చాలామందికి వస్తుంది. లెక్క చాలా సులభం. 24 బిట్లను 48,000తో గుణిస్తే ఒక ఛానల్‌కు సెకనుకు 1.152 మెగాబిట్లు. పద్దెనిమిది వచ్చేవి, ఇరవై వెళ్లేవి కలిపి 38 ఛానళ్లకు 44 మెగాబిట్ల లోపే. యూఎస్‌బీ 2.0 పేరుకు 480 మెగాబిట్లు మోయగలదు కాబట్టి అందులో పదోవంతు కూడా పట్టదు. యూఎస్‌బీ-సీ అని రాసి ఉంటే అది సాకెట్ ఆకారం గురించే, లోపల నడిచేది 2.0 కావచ్చు, అందులో తప్పేమీ లేదు. థండర్‌బోల్ట్ అనే వేగమైన కనెక్షన్ వాడే పరికరాలకు ఆలస్యం కాస్త తక్కువ, ధర చాలా ఎక్కువ. ఫైర్‌వైర్ అనే పాత కనెక్షన్ రకాలు పాత సామాన్ల మార్కెట్‌లో చవకగా దొరికినా వాటిని వదిలేయమనే నా సలహా. కొత్త కంప్యూటర్లలో ఆ సాకెట్ రావడం ఎప్పుడో ఆగిపోయింది, అడాప్టర్ల మీద అడాప్టర్లు పెట్టి నడిపినా కొత్త డ్రైవర్లు, అంటే పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్లు, దొరకవు.

డిస్కు మీద చోటు కూడా ముందే అంచనా వేసుకోవాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది ట్రాకులు నిమిషానికి దాదాపు 69 మెగాబైట్లు, గంటకు నాలుగు గిగాబైట్ల పైచిలుకు తీసుకుంటాయి. రెండు గంటల కచేరీకి ఎనిమిదిన్నర గిగాబైట్ల చోటు ఖాళీగా ఉంచాలి.

డ్రైవర్ గురించి కాస్త ఎక్కువగా

ఇంటర్‌ఫేసుల మధ్య అసలైన తేడా డ్రైవర్లలో తెలుస్తుంది. ప్రకటనల్లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు. ఎనిమిది ట్రాకుల కచేరీ నలభయ్యో నిమిషంలో ఉండగా డ్రైవర్ తడబడి చిటుక్కుమని శబ్దం పడితే, అది ఎనిమిది ట్రాకుల్లోనూ ఒకే చోట పడుతుంది. ఆ తోడి రాగాన్ని మళ్లీ అలాగే పాడించలేరు.

విండోస్‌లో సంగీత సాఫ్ట్‌వేర్లు ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడేది ఏఎస్‌ఐఓ అనే పద్ధతిలో. దాన్ని స్టైన్‌బర్గ్ సంస్థ రూపొందించింది. ఇంటర్‌ఫేస్ తయారీదారు తన పరికరం కోసం ప్రత్యేకంగా రాసిన ఏఎస్‌ఐఓ డ్రైవర్ ఇస్తున్నాడా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఏఎస్‌ఐఓ4ఆల్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఎలాగో నడిపించవచ్చని చెప్పేవారుంటారు; రెండు ఛానళ్లతో అభ్యాసానికి అది పనికొస్తుందేమో గాని ఎనిమిది ఛానళ్ల కచేరీని దానికి అప్పగించకూడదు. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్ డౌన్‌లోడ్ పేజీ తెరిచి, చివరి డ్రైవర్ ఏ తేదీన విడుదలైందో, మీ విండోస్ సంచిక పేరు అందులో ఉందో లేదో చూడండి. అయిదేళ్లుగా కొత్త డ్రైవర్ రాని పరికరం ఎంత చవకైనా వద్దు. జర్మనీకి చెందిన ఆర్‌ఎంఈ పరికరాల ధర ఎక్కువైనా వృత్తిగా చేసేవారు వాటిని కొనడానికి ముఖ్య కారణం పాత మోడళ్లకు కూడా ఏళ్ల తరబడి డ్రైవర్లు అందుతుండటమే.

మాక్‌లో శబ్దం పనిని చూసుకునే కోర్ ఆడియో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. అయితే 2020లో ఆపిల్ సొంత చిప్పులకు మారాక కొన్ని పాత పరికరాల డ్రైవర్లు పనిచేయడం మానేశాయి. క్లాస్ కంప్లయంట్ అని పేర్కొన్న పరికరాలు ప్రత్యేక డ్రైవర్ లేకుండానే మాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తాయి. లినక్స్ వాడేవారికి ఇదొక్కటే భద్రమైన దారి. కొనేముందు ఆ పరికరంలోని అంతర్గత మిక్సర్ సెట్టింగులు మార్చడానికి విండోస్ సాఫ్ట్‌వేరే కావాలా, లేక ముందుభాగంలోని మీటలతో పని జరిగిపోతుందా అన్నది కనుక్కోవాలి.

ఇక లేటెన్సీ, అంటే ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని కొంత కొంత పోగుచేసుకుని పనిచేస్తుంది. ఆ పోగును బఫర్ అంటారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, పైగా శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే కన్వర్టర్లు, యూఎస్‌బీ తీసుకునే సమయం కలిపితే 128 దగ్గర కూడా మొత్తం ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకన్లు కావచ్చు. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి మీటరున్నర దూరంలో కూర్చున్న వయొలిన్ విద్వాంసుడి శబ్దం మృదంగం వాయించేవారికి ఎలాగూ నాలుగు మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగానే చేరుతుంది. చిన్న ఆలస్యం తాళాన్ని చెడగొట్టదు. కానీ హెడ్‌ఫోన్ పెట్టుకున్న గాయకుడికి సొంత గొంతు ఎముకల ద్వారా వెంటనే, హెడ్‌ఫోన్‌లో కాస్త ఆలస్యంగా వినిపిస్తే రెండూ కలిసి గొంతు డొల్లగా తోస్తుంది, శ్రుతి మీద నమ్మకం సడలుతుంది.

ఇక్కడ కచేరీ చేసేవారికి ఒక వెసులుబాటు ఉంది. అందరూ ఒకే గదిలో కూర్చుని, ఒకరినొకరు నేరుగా వింటూ పాడుతున్నప్పుడు ఎవరికీ హెడ్‌ఫోన్ అక్కర్లేదు. అలాంటప్పుడు ఆలస్యం ఎంతున్నా పట్టించుకోనవసరం లేదు. బఫర్‌ను 512కో 1024కో పెంచేస్తే కంప్యూటర్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, చిటుకులు పడే అవకాశం చాలావరకు తగ్గిపోతుంది. తర్వాత ఏదైనా వాద్యం ఒక్కటే చేర్చవలసి వచ్చినప్పుడు డైరెక్ట్ మానిటరింగ్ ఉపయోగపడుతుంది. అందులో మైకు శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లకుండా ఇంటర్‌ఫేస్‌లోనే మలుపు తిరిగి హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. ఎనిమిది ఛానళ్ల పరికరంలో ఈ సౌకర్యం ఒక్క మీటతో ముగిసిపోకుండా, ఎవరికి ఏది ఎంత వినిపించాలో నిర్ణయించే మిక్సర్‌తో కూడి ఉండాలి. హెడ్‌ఫోన్ సాకెట్లు కనీసం రెండు, వాటికి విడివిడి శబ్దనియంత్రణ ఉండటం అవసరం. నలుగురికి వినిపించాలంటే నాలుగు సాకెట్ల చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌ను లైన్ అవుట్‌పుట్‌కు తగిలిస్తే సరి.

తర్వాత పెంచుకోవడం

నాలుగు ఛానళ్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేసులు రెండు కొని కలిపేస్తే ఎనిమిదవుతాయన్న ఆలోచన సహజంగానే వస్తుంది. విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్లు ఒకసారికి ఒక్క ఏఎస్‌ఐఓ డ్రైవర్‌నే వాడతాయి కాబట్టి అది కుదరదు. మాక్‌లో అగ్రిగేట్ డివైస్ పేరుతో కలపవచ్చు గాని, రెండు పరికరాలకూ వాటి వాటి గడియారాలుంటాయి. రెండూ 48,000 అని చెప్పుకున్నా ఒకటి రవ్వంత ముందు, ఒకటి వెనక నడుస్తాయి. గంట కచేరీ ముగిసేసరికి గాత్రమూ మృదంగమూ విడిపోయి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ దాన్ని సర్దుతూ పోగలదు, అయినా దాని మీద ఆధారపడి పరికరాలు కొనడం సరికాదు.

పద్ధతైన దారి ఏడాట్. 1990ల మొదట్లో అలెసిస్ సంస్థ తన టేప్ రికార్డర్ల కోసం తెచ్చిన ఈ ఆప్టికల్ పద్ధతి, ఆ టేపులు మరుగునపడ్డాక కూడా నిలిచి ఉంది. ఏడాట్ ఇన్‌పుట్ ఉన్న ఇంటర్‌ఫేస్‌కు బెరింగర్ ఏడీఏ8200 లాంటి ఎనిమిది ప్రీఆంపుల పెట్టెను ఒక్క ఆప్టికల్ కేబుల్‌తో కలిపితే మరో ఎనిమిది మైకులు చేరతాయి. ఆ కేబుల్, టీవీకి సౌండ్‌బార్‌ను కలపడానికి వాడేదే. ఈ పోలిక వల్లే ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది: కొన్ని పరికరాల్లో అదే ఆకారపు ఆప్టికల్ సాకెట్ ఎస్‌పీడిఫ్‌కు మాత్రమే పనిచేస్తుంది, దాంట్లో రెండు ఛానళ్లే వస్తాయి. వివరాల పట్టికలో ఏడాట్ అన్న పేరు స్పష్టంగా ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి. కలిపాక ఒక పరికరం గడియారాన్ని ఇంటర్నల్ అనీ, రెండోదాన్ని ఏడాట్ లేదా ఎక్స్‌టర్నల్ అనీ పెట్టాలి. రెండూ ఇంటర్నల్‌లో ఉంటే శబ్దం వస్తూనే ఉంటుంది, కానీ మధ్యమధ్య చిన్న చిటుకులు పడుతుంటాయి. చాలామంది కేబుల్ చెడిందని మార్చి మార్చి విసిగిపోయేది ఈ ఒక్క సెట్టింగు వల్లే.

విద్యుత్తు సంగతి

యూఎస్‌బీ 2.0 సాకెట్ 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపియర్లు, అంటే రెండున్నర వాట్లు ఇస్తుంది. ఎనిమిది ప్రీఆంపులు, ఎనిమిది మైకుల ఫాంటమ్ పవర్ దాంతో నడవవు. అందుకే ఈ స్థాయి పరికరాలకు సొంత అడాప్టరో, మూడు పిన్నుల పవర్ కార్డో ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నా కరెంటు పోయిన క్షణంలో ఇంటర్‌ఫేస్ ఆగిపోతుంది, రికార్డింగ్ తెగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు అది సైన్ వేవ్ రకమో కాదో చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే ట్రాకులన్నిటిలో బర్రుమనే రొద చేరుతుంది. ఇన్వర్టర్ మారే క్షణాన్ని తట్టుకోవడానికి ఇంటర్‌ఫేస్‌ను చిన్న యూపీఎస్ మీద పెట్టడం ఉత్తమం.

ల్యాప్‌టాప్ చార్జర్ తగిలించగానే 50 హెర్ట్జ్ హమ్ మొదలై, తీయగానే పోతుంటే తప్పు ఇంటర్‌ఫేస్‌ది కాదు. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపి, స్పీకర్లకు దారిలో చేరే రొదను రద్దుచేసే బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడితే సాధారణంగా అది సర్దుకుంటుంది. ఎర్త్ సరిగా లేని పాత వైరింగు ఉన్న ఇళ్లలో ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ పరీక్ష చేయించాలి. హమ్ పోతుందని మూడో పిన్ను విరిచేయడం ప్రాణాపాయం. మైకు పట్టుకున్న మనిషికే షాక్ కొట్టవచ్చు.

కొన్నాక వెంటనే చేయవలసిన పరీక్ష

విదేశాల్లోని బంధువుల చేత తెప్పించుకుంటే ధర కలిసిరావచ్చు, కానీ ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఎనిమిది ఛానళ్ల పరికరం బరువు, మరమ్మతుకు ఓడలోనో విమానంలోనో తిప్పి పంపడం ఖర్చుతో కూడిన పని. నేనైతే ఇక్కడి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనడాన్నే ఎంచుకుంటాను.

పరికరం ఇంటికి వచ్చాక, తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోగా దాన్ని గట్టిగా పరీక్షించాలి. ఒకే మైకును, ఒకే గెయిన్‌తో, ఎనిమిది సాకెట్లకూ వరుసగా మార్చుతూ ప్రతి దాంట్లో ఒకే వాక్యం చదవండి. ఎనిమిది ట్రాకుల్లో ఏదైనా ఒకటి మరీ చిన్నగా ఉన్నా, రొద ఎక్కువున్నా ఆ ప్రీఆంప్‌లో లోపముంది. కండెన్సర్ మైకుతో ప్రతి ఛానల్‌లో ఫాంటమ్ పవర్ కూడా చూడాలి. తర్వాత ఒక కేబుల్‌తో లైన్ అవుట్‌పుట్‌ను లైన్ ఇన్‌పుట్‌కు కలిపి, ఒక ట్రాకులోని టక్ శబ్దాన్ని ప్లే చేస్తూ మరో ట్రాకులో తిరిగి రికార్డు చేయండి. సాఫ్ట్‌వేర్ ఆలస్యాన్ని తనంతట తాను సర్దే సెట్టింగును ఆపి, రెండు ట్రాకులనూ పెద్దవి చేసి చూస్తే మధ్యలో ఎన్ని శాంపిళ్ల దూరం ఉందో తెలుస్తుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 480 అయితే ఆ బఫర్‌లో మీ కంప్యూటర్ నిజమైన ఆలస్యం 10 మిల్లీసెకన్లు. చివరిగా ఎనిమిది ఛానళ్లనూ రికార్డింగులో పెట్టి, వైఫై ఆపి, ఒకటిన్నర గంట అలాగే వదిలేయండి. ఆ సమయంలో గదిలో రేడియోనో తంబురానో మోగుతూ ఉంటే తర్వాత విన్నప్పుడు తెగిన చోట్లు తేలిగ్గా పట్టుబడతాయి. ఎక్కడైనా చిటుక్కుమంటే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి, పవర్ సెట్టింగును హై పర్ఫార్మెన్స్‌కు మార్చి, బఫర్ ఒక మెట్టు పెంచి మళ్లీ అంతసేపూ నడపాలి. అప్పటికీ చిటుకులు పడుతుంటే మరో కంప్యూటర్ మీద ఒకసారి చూసి, అక్కడా అదే తీరైతే గడువులోగా పరికరాన్ని వెనక్కి ఇచ్చేయండి.